కుర్చీ ఇచ్చారు... పని నేర్పేదెవరు?

88, 97, 141... ఈ అంకెలు చెబితే ఏ టీచరమ్మయినా ఇట్టే గుర్తుపడుతుంది. బస్సు నంబర్లు కావు, లాటరీ టిక్కెట్లు అంతకన్నా కావు. స్కూల్ అసిస్టెంటుగా ఉన్నవాళ్ళు హైస్కూలు హెడ్మాస్టరు కావాలంటే పాసవ్వాల్సిన డిపార్ట్‌మెంటు పరీక్షల కోడ్ నంబర్లు అవి. మొదటి రెండూ గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టువి, మూడోది ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టుది. పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాయొచ్చు. సెలవుల నియమాలు, టీఏ బిల్లులు, పింఛను లెక్కలు... ఏ పేజీలో ఏముందో తెలిస్తే గట్టెక్కినట్టే.

అలా గట్టెక్కి, సీనియారిటీ లిస్టులో పేరొచ్చి, కౌన్సెలింగులో ఊరు కోరుకున్నాక, శుక్రవారం దాకా ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పిన ఆవిడ సోమవారం పొద్దున హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుంటుంది. మధ్యలో ఉన్న శని, ఆదివారాలే ఆవిడకు దొరికిన శిక్షణ!

కొత్త కోడలు కాపురానికొస్తే ఉప్పెక్కడుందో, పప్పెక్కడుందో చెప్పడానికి కనీసం అత్తగారైనా ఉంటుంది. కొత్త హెడ్మిస్ట్రెస్‌కి ఆమాత్రం దిక్కు కూడా ఉండదు. పాత సారు అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయి ఉంటారు.

ఆ సోమవారం ఏముంటుంది?

జీతాల బిల్లుంటుంది. హైస్కూలు హెడ్మాస్టరంటే ప్రభుత్వం లెక్కలో డ్రాయింగ్ ఆఫీసరు కూడా. బిల్లులో పొరపాటు పడితే స్టాఫందరి ఇళ్ళలోనూ ఒకటో తారీఖు తప్పుతుంది. మధ్యాహ్న భోజనం ఉంటుంది. 2003 జనవరిలో బడుల్లో వండి వడ్డించడం మొదలైన నాటినుంచీ బియ్యం తూకం, కోడిగుడ్ల లెక్క, వంట చేసే అక్కల బిల్లు, అన్నీ హెడ్మాస్టరు మెడకే చుట్టుకున్నాయి. బిల్లు ఆలస్యమైతే వాళ్ళు నిలదీసేది పై అధికారిని కాదు, ఎదురుగా కనపడే మేడంనే. అదీ న్యాయమే, వాళ్ళు సరుకులు అరువు తెచ్చి వండుతున్నారు మరి. ఇవి కాక యూడైస్ వివరాలు, సెల్‌ఫోనుకు ముఖం చూపించి వేసే హాజరు, 'వెంటనే పంపగలరు' అంటూ వాట్సాప్‌లో రోజూ వచ్చే కబుర్లు. గుమాస్తా ఉన్న బడిలో అటెండరుండడు. అటెండరున్న బడిలో గుమాస్తా ఉండడు. రెండూ లేని బడులు కొల్లలు.

ఇవన్నీ ఏ జిల్లాలోనైనా ఉండేవే. మన నల్లగొండ, పాలమూరు వైపు ఏ రూల్సు పుస్తకంలోనూ కనపడని సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. గద్వాల దిక్కు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పని వచ్చిందంటే ఆడపిల్లలు బడికి రావడం తగ్గిపోతుంది. రిజిస్టరులో గైర్హాజరు వేసి ఊరుకోవాలా, చేను దాకా నడవాలా? నారాయణపేట దిక్కు పంటలయ్యాక తల్లిదండ్రులు పుణె, ముంబయి, హైదరాబాదు పనులకు వలస పోతారు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని. పేరు కొట్టేయాలా, ఉంచాలా? కృష్ణ మండలంలో కన్నడ మీడియం పిల్లలుంటారు. దేవరకొండ తండాల్లో ఒకటో తరగతికొచ్చే పాపకు లంబాడీ తప్ప మరో మాట రాదు. మర్రిగూడ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందని తెలిశాక పిల్లలకు ఏ నీళ్ళు తాగించాలన్నది దశాబ్దాలపాటు అక్కడి పెద్దసార్లకు నిద్రపట్టనివ్వని ప్రశ్న.

బి.ఎడ్.లో నేర్పింది పాఠం చెప్పడం. డిపార్ట్‌మెంటు పరీక్షలో అడిగింది నియమాలు. ఈ నిర్ణయాలు తీసుకోవడం ఎక్కడా నేర్పలేదు.

అది చాలదన్నట్టు 2022లో మేస్త్రీ పని కూడా వచ్చి పడింది. 'మన ఊరు - మన బడి' కార్యక్రమాన్ని అప్పటి ముఖ్యమంత్రి ఆ ఏడాది మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడే, వనపర్తిలో ప్రారంభించారు. మొదటి విడతలో 9,123 బడులు. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, ప్రహరీగోడ వగైరా 12 రకాల పనులు. మంచి పనే, కాదనను. కానీ కాగితాల మీద హెడ్మాస్టరు సంతకం పడాలి. సిమెంటు పాళ్ళు, ఎస్టిమేటు, కొలతల పుస్తకం, ఇవన్నీ ఏ తెలుగు టీచరమ్మకు ఎవరు చెప్పారు గనక?

వద్దని రాసిచ్చేవాళ్ళు

మా వాడకట్టులో ఒక మేడం ఉన్నారు. సైన్సు చెబితే వెనక బెంచీ పిల్లాడు కూడా ముందుకొచ్చి కూర్చుంటాడని పేరు. పరీక్షలు ఎప్పుడో పాసయ్యారు. ప్రమోషన్ లిస్టులో పేరొస్తే నాకొద్దని కాగితం రాసిచ్చి వచ్చారు. నాకు ఉండబట్టక అడిగాను, "అదేంది మేడం, చేతికొచ్చినదాన్ని!" అని.

"ఏం చేయమంటవమ్మా, పిల్లలకు పాఠం చెప్పుడు నాకొచ్చు. బిల్లులు చేసుడు రాదు. రానిది ఒప్పుకుని తప్పు సంతకం పెడితే నా పింఛను మీదికొస్తది," అన్నారు తాపీగా.

ఇందులో భయం ఎంత, ముందుచూపు ఎంత అని నేను చాలాసార్లు ఆలోచించాను. మగవాళ్ళకు కూడా ఆ బిల్లులు పుట్టుకతో రావు. కానీ వాళ్ళకు నేర్చుకునే దారులు వేరే ఉన్నాయి. సాయంత్రం ఎమ్మార్సీ దగ్గర టీ కొట్టు, సంఘం ఆఫీసు, ట్రెజరీలో పనిచేసే సోపతి. 'అన్నా, ఈ బిల్లెట్ల జేయాలె?' అని రాత్రి తొమ్మిదింటికి ఫోను చేయగలరు. ఆడవాళ్ళు నాలుగుంబావుకి బడి వదలగానే బస్సుకు పరుగెత్తాలి. ఆ టీ కొట్టు దగ్గర మనకు కుర్చీ లేదు. అసలు శిక్షణ అంతా అక్కడ జరుగుతోందని చాలామందికి తోచదు.

ఇక సర్కారు పెట్టే శిక్షణ అయిదు రోజులు రాజధానిలో ఉండి తీసుకోవాలన్నారనుకోండి. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, ఇంటరు పరీక్షలున్న కొడుకు. మగ హెడ్మాస్టరు బ్యాగు సర్దుకుని పోతాడు. (ఆ బ్యాగు కూడా ఎవరు సర్దుతారో మనకు తెలుసు.) ఆవిడ మెడికల్ సర్టిఫికెట్టు పెట్టుకుంటుంది. తరవాత మీటింగులో 'లేడీస్ ట్రైనింగులకు రారు' అని ఒక మాట.

పేరులోనే ఉంది

ప్రైమరీ స్కూలు హెడ్మాస్టర్లను మన దగ్గర ఎల్.ఎఫ్.ఎల్. హెచ్.ఎం. అంటారు. ఆ మూడక్షరాలకు అర్థం మీలో ఎంతమందికి తెలుసో! లో ఫీమేల్ లిటరసీ. ఆడవాళ్ళలో అక్షరాస్యత తక్కువగా ఉన్న ప్రాంతాల కోసమని ఉమ్మడి రాష్ట్రంలో మంజూరైన పోస్టులు. ఆ పేరే స్థిరపడిపోయింది. పోస్టు మన కోసం పుట్టింది, పేరు మన చదువులేమిని బట్టి పెట్టారు!

మహబూబ్‌నగర్ జిల్లాలో 1991 జనాభా లెక్కల నాటికి నూటికి 20 మంది ఆడవాళ్ళకు కూడా చదువు రాదు. 2011 నాటికి ఎంతో పెరిగినా సగం మందికి అందలేదు. అప్పటి 23 జిల్లాల్లో మొత్తం అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నదీ పాలమూరే, సుమారు 55 శాతంతో. ఇలాంటి చోట బడి పెద్ద స్థానంలో ఒక ఆడమనిషి కనపడితే, కూతుర్ని ఏడో తరగతి తరవాత మాన్పిద్దామనుకున్న తల్లి ఒకసారి ఆగి ఆవిడతో మాట్లాడుతుంది. సారుతో చెప్పుకోలేని సంగతులుంటాయి తల్లులకు.

అయితే చిన్న బడుల్లో ఆ పోస్టే ఉండదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో పిల్లలు 150 మంది దాటితేనే విడిగా హెడ్మాస్టరు. మన తండాల్లో, చిన్న పల్లెల్లో అంతమంది ఎక్కడుంటారు? ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరు ఇన్‌ఛార్జి. పాఠమూ ఆవిడే, పెత్తనమూ ఆవిడే. ట్రైనింగు ఆర్డర్లలో 'హెడ్మాస్టర్లకు' అని ఉంటే ఇన్‌ఛార్జి పేరు అందులో ఉండకపోవచ్చు కూడా.

ఉన్న ఏర్పాట్లు

అసలేమీ లేవంటే అన్యాయం అవుతుంది. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక జిల్లాకొక డైట్ అన్నారు. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి వచ్చాయి. 2016లో, మళ్ళీ 2019లో జిల్లాలు విడిపోయి పాలమూరు అయిదు, నల్లగొండ మూడు అయ్యాయి గానీ డైట్‌లు మాత్రం పెరగలేదు. వాటిలో లెక్చరర్ల ఖాళీల సంగతి ఏళ్ళతరబడి పేపర్లలో చూస్తున్నదే.

ఇరుగుపొరుగు బడులను ఒక గుంపుగా కలిపి ఒకరికొకరు సాయపడే స్కూల్ కాంప్లెక్సు ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్‌ది. బ్రిటిష్ సాయంతో 1980లలో ఉమ్మడి రాష్ట్రంలో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టులో టీచర్ సెంటర్లు పెట్టారు. టీచర్లు కలిసి కూర్చుని పాఠాల గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటైంది ఆ రోజుల నుంచే. కాంప్లెక్సు మీటింగులు ఇప్పటికీ జరుగుతున్నాయి, 2022లో మొదలైన 'తొలిమెట్టు' కోసం మరీనూ. కానీ ఆ మీటింగుల్లో హెడ్మాస్టరు పాత్ర టీ, బిస్కెట్లు ఏర్పాటు చేయడం, పై నుంచి వచ్చిన సర్క్యులరు చదవడం. తన కష్టం చెప్పుకోవడానికి ఆవిడకు చోటు లేదు.

ఢిల్లీలో, ఇప్పుడు నీపా అని పిలిచే విద్యా ప్రణాళిక సంస్థలో 2012లో స్కూలు నాయకత్వానికి ఒక జాతీయ కేంద్రమే పెట్టారు. వాళ్ళ పాఠ్యప్రణాళిక ఏడు భాగాలు. అందులో ఆఫీసు నడపడం ఒకే ఒక్క భాగం. తనను తాను పెంచుకోవడం, తరగతిలో బోధన మార్చడం, టీచర్లను ఒక జట్టుగా నడపడం, కొత్త ప్రయోగాలు, ఊరితో సంబంధాలు ఇవన్నీ మిగతావి. మన 88, 97 పక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. 2019 ఆగస్టులో మొదలైన 'నిష్ఠ' శిక్షణలో దేశం మొత్తం మీద 42 లక్షల మంది టీచర్లు, హెడ్మాస్టర్లు లక్ష్యం. కరోనా వచ్చాక 2020లో అది దీక్షా పోర్టల్ మీదికి మారింది. ఆన్‌లైన్ కావడం ఆడవాళ్ళకు ఒకరకంగా మేలే, ఇల్లు వదలక్కర్లేదు. ఇంకోరకంగా కీడు. కుక్కరు మూడో కూత కోసం చూస్తూ వీడియో నడిపించేసి సర్టిఫికెట్టు దించుకోవడమూ జరిగింది. 2020 జాతీయ విద్యావిధానం హెడ్మాస్టర్లు కూడా ఏడాదికి 50 గంటల శిక్షణ తీసుకోవాలంది. ఏ గంటల్లో అన్నది మాత్రం చెప్పలేదు.

సొంతంగా చదువుకుంటామనే ఓపిక ఉంటే ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి విద్యా నిర్వహణ, పరిపాలన పి.జి. డిప్లొమా దూరవిద్యలో ఉంది. తెలుగులో లేదు, అదొక లోటు.

పక్క దేశాల మాట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. సింగపూర్‌లో 2001 నుంచి, ప్రిన్సిపాల్ కాబోయేవాళ్ళను ఎంపిక చేసి ఆరు నెలలు బడి పని నుంచి తప్పించి పూర్తికాలం శిక్షణ ఇస్తున్నారు. కుర్చీ ఎక్కకముందు! మనకు ఆరు నెలలు వద్దు, ఆరు రోజులు చాలు. ముందు ఇస్తే.

పొదుపు సంఘాల్లో ఉన్న పద్ధతి

దీనికి సింగపూర్ దాకా పోనక్కర్లేదు నిజానికి. పాలమూరులోనే ఉంది దారి.

1995లో ఐక్యరాజ్యసమితి సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం మన రాష్ట్రంలో మూడు జిల్లాల్లో మొదలైంది. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్. తరవాత 2000లో 'వెలుగు' తొలి ఆరు జిల్లాల్లోనూ మహబూబ్‌నగర్ ఉంది. నిశానీలు పెట్టే ఆడవాళ్ళను సంఘంగా కూర్చోబెట్టి, వారం వారం మీటింగు, పుస్తకం రాయడం, అప్పు లెక్క, బ్యాంకుకు పోయి మేనేజరుతో మాట్లాడడం అన్నీ నేర్పారు. ఎవరు నేర్పారు? ఆఫీసర్లు కొంత. అంతకన్నా ఎక్కువ, పక్క ఊళ్ళో అప్పటికే సంఘం నడిపిన ఇంకో ఆడమనిషి. ఆమె మూటాముల్లె సర్దుకుని కొత్త ఊరికి వచ్చి, కొన్ని రోజులు అక్కడే ఉండి, పక్కన కూర్చుని చేసి చూపించి వెళ్ళేది. వాళ్ళను సీఆర్పీలన్నారు, కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు. బడుల్లో కూడా సీఆర్పీలున్నారు, క్లస్టరు వాళ్ళు. అక్షరాలు ఒకటే, వాళ్ళకు అంటగట్టే పని ఎక్కువగా సమాచారం మోయడం. మన జిల్లాల సంఘాల ఆడవాళ్ళు ఇతర రాష్ట్రాలకు కూడా వెళ్ళి నేర్పి వచ్చారు.

2024లో తెలంగాణ ప్రభుత్వం 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు వేసింది. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు కమిటీకి అధ్యక్షురాలు, హెడ్మాస్టరు కన్వీనరు. బడి రిపేర్లు, నీళ్ళు, మరుగుదొడ్లు వాళ్ళ చేతిలో పెట్టారు. పారిశుధ్యానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల రూపాయల దాకా ఇవ్వాలని కూడా ఆ ఏడాదే నిర్ణయించారు. చిత్రం చూడండి... ఆ టేబులుకు ఒక వైపు పాతికేళ్ళుగా తీర్మానం రాయడం, ఓచరు అంటించడం, లెక్క ఒప్పజెప్పడం అలవాటైన సమాఖ్య అక్క. రెండో వైపు ఎమ్మెస్సీ, బి.ఎడ్. చేసి, ఇవేవీ ఎవరూ నేర్పని మేడం. అక్క దగ్గర నేర్చుకోవడానికి మేడంకు నామోషీ లేకపోతే సగం పని అక్కడే అయిపోతుంది. అక్కకు మాత్రం మేడంను 'నీకు రాదా?' అనే హక్కు లేదు, ఆమెకు ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పారు గనక.

కస్తూర్బా బడుల సంగతి వేరు. 2004లో మొదలైన ఈ బాలికల విద్యాలయాలకు పెద్దను స్పెషల్ ఆఫీసరంటారు. పగలు హెడ్మిస్ట్రెస్, రాత్రి వార్డెను. పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో మాట్లాడేదీ ఆవిడే, కూరగాయల టెండరు చూసేదీ ఆవిడే. ఇంత బాధ్యత పెట్టి ఉద్యోగం మాత్రం కాంట్రాక్టుది. వాళ్ళు తమ ప్రాణాల మీదికి తెచ్చుకుని నేర్చుకున్న పని ఎంతో ఉంది. దాన్ని రాసిపెట్టి, హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌లకు వాళ్ళచేతే ఒక పూట చెప్పించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే బాగుండు.

చేయగలిగినవి

తెలంగాణలో 2021 నుంచి రిటైరయ్యే వయసు 61. ప్రతి ఏటా అనుభవమున్న హెడ్మిస్ట్రెస్‌లు రిటైరై మన వీధుల్లోనే ఉంటున్నారు. కొత్తగా ప్రమోషను వచ్చిన ఒకరికి అలాంటి ఒకరిని జత చేసి, మొదటి ఆరు నెలలు నెలకు రెండుసార్లు బడికి వచ్చి పక్కన కూర్చోమంటే ఎంత ఖర్చవుతుంది? బస్సు టిక్కెట్టు కూడా అక్కర్లేదు, మహిళలకు ఆర్టీసీ ఉచితమేగా! పల్లె వెలుగైతే సరి.

శిక్షణ జిల్లా డైట్‌లో, పొద్దున పోయి సాయంత్రం తిరిగి వచ్చేలా పెట్టమని అడగడంలో తప్పు లేదు. అడగాలి. ఇన్‌ఛార్జిలను కూడా పిలవమని అడగాలి. ముప్పై అయిదేళ్ళ స్కూల్ అసిస్టెంటమ్మలు, పిల్లలు పెద్దయ్యాక చూద్దామనుకోకుండా ఆ పరీక్షలు ఇప్పుడే రాసేస్తే తరవాత పడే హైరానా తగ్గుతుంది. హెడ్మిస్ట్రెస్ సెలవు పెట్టిన రోజున ఇన్‌ఛార్జి ఇస్తే తప్పుకోవద్దు, ఒక్కరోజు కుర్చీలో తెలిసేది ఏ మాడ్యూల్లోనూ లేదు.

ఇంకొక చిన్న సంగతి. బదిలీ మీద వెళ్ళేవాళ్ళు చార్జి లిస్టు ఇస్తారు. అందులో బీరువా తాళాలు, బెంచీలు, గ్లోబు, నగదు పుస్తకం నిలవ అన్నీ ఉంటాయి. ఏ తండా పిల్లలు ఏ నెలలో వలస పోతారో, ఏ తల్లితో మాట్లాడితే నలుగురు ఆడపిల్లలు తిరిగి బడికొస్తారో, వంటక్కకు ఎన్ని నెలల బిల్లు బాకీ ఉందో, ట్రెజరీలో ఎవరిని అడిగితే విసుక్కోకుండా చెబుతారో, వానొస్తే ఏ గది కురుస్తుందో ఉండదు. రెండు పేజీల కాగితం. తన చేతి రాతతో రాసి, లిస్టుకు గుండుసూది పెట్టి, పక్కన తన ఫోను నంబరు వేసి ఇవ్వొచ్చు.